పాటలో పోయిన పెళ్ళాం

శనివారం వచ్చిందంటే ఒతీలియా వంటింట్లో గడప దాకా పిండే. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి బర్రాకాస్ పేటలో సగం ఇళ్ళకి ఆవిడ చేసిన రవియోలీలే కావాలి. పల్చగా ఒత్తిన పిండి పొరల మధ్య ఉడికించిన పాలకూర, చీజ్ కూరి, చిన్న చిన్న చదరాలుగా కోసి, గుడ్డ మీద ఆరబెట్టాలి. ఆ పని చేసేది ఒతీలియా. పక్కన పీట వేసుకుని చీజ్ తురిమేది, వంకలు పెట్టేది ఆవిడ అత్తగారు దోన్యా జెనోవెవా.

వీధివైపు గది ఫెర్మీన్‌ది. ఒతీలియా మొగుడు. వారమంతా అక్కడ గడ్డాలు గీస్తాడు, శనివారం సాయంత్రం మూలమీది కాఫీ హోటల్లో టాంగోలు పాడతాడు. పాటలు తనే కట్టుకుంటాడు. మధ్యాహ్నం షాపు తలుపు ఓరగా వేసి సాధన చేస్తాడు. స్నేహితుడు బస్సానో మడతల తిత్తి ఉన్న బాందోనియోన్ వాద్యప్పెట్టెని మోకాళ్ళమీద పెట్టుకుని, అది ఏడ్చేదాకా సాగదీస్తాడు.

అత్తాకోడళ్ళు ఒక చెవి అటు పారేసి పని చేసుకుంటారు. ఇతర ఇళ్ళల్లో గడియారం చూసుకున్నట్టు వీళ్ళు పాట చూసుకుంటారు.

"పాటలో ఎక్కడున్నాడు?" అంది ఒతీలియా.

"ఇంకా వీధిదీపం కిందే నిలబడ్డాడు. తర్వాత వాన, ఆ తర్వాత ఖాళీ మంచం."

"అయితే టైముంది. పాలకూర దింపేస్తా."

"దింపి, ఆ చేతులు కడుక్కో. పోయినసారి పిండిచేతుల్తో వెళ్ళి ట్రాములో ఎవడి కోటుకో పూశావుట."

ఒతీలియా చేతులు కడుక్కునే లోపే గోడ అవతల గొంతు పైకి లేచింది. ఫెర్మీన్ ఈసారి మంచం చరణం ఎగ్గొట్టి నేరుగా పల్లవికి వచ్చేశాడు.

"పెట్టె చేతబట్టి, వెనక్కైనా చూడక,
రైలెక్కి నన్నొదిలి పోయావే..."

అప్పడాల కర్ర టప్పున నేలమీద పడింది. ఒతీలియా లేదు.

దోన్యా జెనోవెవా ఉసూరుమంటూ ఒంగి, కర్ర తీసి తుడిచి, కోడలు ఆపినచోటినుంచి ఒత్తడం మొదలుపెట్టింది. అంతలో చివరి చరణం వచ్చింది. ప్రతి పాటలోనూ చివరి చరణం అమ్మదే. వెండిజుట్టు తల్లి, కొడుకు బట్టలు ఉతికి ఉతికి నడుం వంగిన తల్లి. నిన్ననే నల్లరంగు వేయించుకున్న ఆవిడ జుట్టు కుదుళ్ళదాకా తెల్లబడింది.

కర్రతో గోడ బాదింది ఆవిడ. "ఒరేయ్ ఫెర్మీన్! నీ బట్టలు నేనెప్పుడు ఉతికానురా? ఉతికేది అది!"

పెళ్ళయినప్పటినుంచీ ఇదే వరస. ఫెర్మీన్ కూనిరాగం తీస్తే ఏమీ కాదు. గొంతెత్తి, మాట స్పష్టంగా పలికి 'పోయావే' అన్నాడంటే ఒతీలియా పోతుంది. కొన్స్తితుసియోన్ స్టేషన్లో, దక్షిణం వైపు వెళ్ళే రైళ్ళ ప్లాట్‌ఫారం మీద, ఒక బల్లమీద తేలుతుంది. నెత్తిన వలముసుగు టోపీ, చేతిలో పెట్టె, కింద మామూలు ఏప్రన్, ఇంటి చెప్పులు. లేచి, నాలుగు తిట్లు తిట్టుకుని, ట్రామెక్కి ఇంటికొస్తుంది. కండక్టర్లు టిక్కెట్టు అడగడం ఎప్పుడో మానేశారు. "ఏమ్మా, ఈవేళ త్వరగా పాడినట్టున్నాడే?" అని మాత్రం అడుగుతారు.

తెచ్చిన పెట్టెలు మెట్లకింద పేర్చి ఉంటాయి. ఒకదాంట్లో ఎదురింటివాళ్ళ పసివాడు పడుకుంటాడు, ఒకదాంట్లో కోడి పొదుగుతుంది. పెట్టెలో ఎప్పుడూ ఒకటే సరుకు: ఒంటికి పట్టని పట్టుగౌను, వాడిపోయిన గులాబీ, సగం వాడిన సెంటు సీసా. ఒక్కసారైనా ఒక శాలువా గాని, రొట్టెముక్క గాని ఉండదు. పాటలో పోయే ఆడవాళ్ళకి ఆకలి వెయ్యదు కాబోలు.

పోనీ పోవడంతో సరిపోతే భరించవచ్చు. ఒతీలియాకి ఒళ్ళు మండేది పేటలో జనంతో.

ఆ సోమవారం మొగుడూపెళ్ళాలిద్దరూ కసాయి కొట్టుకి వెళ్ళారు. కొట్టువాడు ఫెర్మీన్ చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"మొన్న నీ పాట విని మా ఆవిడ రాత్రంతా నిద్రపోలేదు ఫెర్మీన్. ఎలా తట్టుకున్నావయ్యా? అలాంటి మనిషినొదిలేసి ఎవడో కారువాడితో పోవడానికి దానికి మనసెలా ఒప్పిందో!"

"విధి," అన్నాడు ఫెర్మీన్ తల దించుకుని.

"ఇదిగో, ఈ సాసేజీలు నా తరఫున తీసుకో. వండిపెట్టే దిక్కులేనివాడివి."

"వండేది నేను," అంది ఒతీలియా. ఆవిడ ఫెర్మీన్ పక్కనే నిలబడి ఉంది, సంచీ చేత్తో పట్టుకుని. "పోయిందని మీరంటున్నది నన్నే."

"తెలుసు దోన్యా ఒతీలియా, నమస్కారం," అన్నాడు కసాయి మర్యాదగా. మళ్ళీ ఫెర్మీన్ వైపు తిరిగి, "గుండె రాయి చేసుకో తమ్ముడూ," అన్నాడు.

దారంతా సాసేజీల సంచీ ఒతీలియాయే మోసింది. ఇంటి మలుపు దగ్గర ఆగింది.

"నీ పాటలో ఆ కారువాణ్ణి ఒక్కసారైనా స్టేషన్‌కి పంపించు. కనీసం ఇంటిదగ్గర దింపుతాడు."

"పాటని పాటలా చూడాలి," అన్నాడు ఫెర్మీన్ నొచ్చుకుని. "కవిత్వం అది. నిన్ను ఎంత ప్రేమిస్తే అలా రాస్తాను?"

"నేను సాసేజీలు మోస్తుంటే నాకోసం ఏడ్చేవాడి ప్రేమ నాకేం అర్థమవుతుంది?"

ఆ నెలలోనే కాఫీ హోటల్‌కి తెల్ల సూటాయన ఒకడు వచ్చాడు. రికార్డుల కంపెనీ మనిషి. పాట మొదటినుంచి చివరిదాకా విని, గ్లాసు పక్కన పెట్టి, "దీన్ని రికార్డు చేద్దాం," అన్నాడు.

ఫెర్మీన్ ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. బస్సానో పెట్టె మోసుకుంటూ వెనకే వచ్చాడు. ఒతీలియా అప్పుడే స్టేషన్ నుంచి వచ్చి టోపీ తీస్తోంది. మొగుడి మొహం చూసి, ఉన్న కోపం కాస్సేపు మర్చిపోయి నవ్వింది. తల నెరుస్తున్న మనిషి, చిన్నపిల్లాడిలా గది మధ్య గిరగిరా తిరుగుతున్నాడు.

దోన్యా జెనోవెవా మాత్రం నవ్వలేదు. జుట్టుకి రంగు పట్టించుకుంటూ కూర్చున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఒరేయ్, రికార్డంటే ఎవరి ఇంట్లో వాళ్ళు తిప్పుకోవచ్చు కదా?"

"ఎవరి ఇంట్లో వాళ్ళేమిటమ్మా! హోటళ్ళలో, రేడియోలో, రొసారియోలో, మాంతెవిదియోలో..."

"పొద్దున్నా?"

"పొద్దున్నా, మధ్యాహ్నం, ఎప్పుడు కావాలంటే అప్పుడు!"

చెప్తూ చెప్తూ ఫెర్మీన్ నెమ్మదించాడు. బస్సానో పెట్టె కింద పెట్టి, బూట్ల వైపు చూశాడు. ఒతీలియా కుర్చీలో కూలబడింది. ఇంక ఆవిడకి ఇల్లంటూ ఉండదు. సూపు పొయ్యిమీద పెట్టి, ఉప్పు వేసేలోపు ఎవడో మెందోసాలో రికార్డుమీద ముల్లు దించుతాడు. ప్లాట్‌ఫారం మీదే బతకాలి.

"మాట మార్చు," అంది చివరికి. "రాగం అలాగే ఉంచు. ఆ ఒక్క మాట మార్చు."

నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఫెర్మీన్ కళ్ళు మూసుకుని, నుదురు రుద్దుకుని, కూనిరాగంతో మొదలుపెట్టాడు. "పెట్టె కింద పెట్టి, వంటింట్లోకెళ్ళి, పొయ్యి వెలిగించావే..."

బస్సానో బాందోనియోన్ సాగదీశాడు. అది తుమ్మినట్టు చప్పుడు చేసింది.

"కుదరదు," అన్నాడు బస్సానో. "దోన్యా ఒతీలియా, మీరేం అనుకోకండి. రవియోలీల కోసం ఇది ఏడవదు."

"పోనీ వాడు పోయినట్టు రాయండి," అంది దోన్యా జెనోవెవా. "మొగుడు పోతే తప్పేముంది? పేటలో ఎంతమంది పోలేదు?"

"మొగాడు పోతే పాటెందుకమ్మా అవుతుంది?" అన్నాడు ఫెర్మీన్. "దాన్ని పని మీద వెళ్ళడం అంటారు."

"సరే, ఉన్నట్టు రాయి," అంది ఒతీలియా. "ఒక ఆడది ఉంది. పొద్దున లేస్తుంది, నీ పక్కనే ఉంది. అంతే రాయి."

ఫెర్మీన్ చాలాసేపు ప్రయత్నించాడు. నిజంగానే ప్రయత్నించాడు. ఏదీ నోట్లోంచి రాలేదు. విసుగెత్తి, బల్లమీద చెయ్యి కొట్టి అన్నాడు:

"ఉన్నదాని గురించి ఏం పాడతారు, ఒతీలియా?"

ఒతీలియా లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ ఏడవలేదు, గిన్నెలు విసరలేదు. ఆ శనివారం పిండి మాత్రం రాయిలా వచ్చింది. జీవితంలో మొదటిసారి దోన్యా జెనోవెవా ఏ వంకా పెట్టకుండా తిన్నది.

తర్వాత ఫెర్మీన్ తలుపు దగ్గర నిలబడి, రికార్డు వద్దని చెప్పేస్తానన్నాడు. అనడం అన్నాడు గాని, ముఖం బిగించిన తీరు చూస్తే, అది కూడా ఇంకో పాట అయ్యేలా ఉంది.

"వద్దనకు," అంది ఒతీలియా. "నా మూలంగా నీ రికార్డు పోయిందని ఇంకో ఇరవై పాటలు రాస్తావు. వెళ్ళి పాడు. నేనూ వస్తాను. అక్కడ నిలబడి వింటాను. ఒక్కసారి చివరిదాకా చూడాలి, నేను పోయేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో."

రికార్డింగు గదికి గోడలనిండా మందపాటి పరదాలు కట్టారు. మధ్యలో మైకు. అద్దం అవతల పాటని ముద్రించుకునే మైనం పళ్ళెం తిరుగుతుంది. తిరగడం మొదలయ్యాక తుమ్మొచ్చినా దగ్గొచ్చినా ఆగకూడదని, ఆగితే పళ్ళెం పాడవుతుందని తెల్ల సూటాయన అందరికీ మరీమరీ చెప్పాడు. బస్సానో కుర్చీ అంచున కూర్చున్నాడు. ఫెర్మీన్ జుట్టు తళతళలాడేలా దువ్వుకుని మైకు ముందు నిలబడ్డాడు. ఒతీలియా అతనికి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడింది. మంచి బూట్లు వేసుకుంది. సంచీలో స్వెట్టరు, రొట్టె పెట్టుకుంది. పోయేదెలాగూ తప్పదు.

పాట మొదలైంది. వీధిదీపం తల వంచుకుంది. వాన పడింది. ఫెర్మీన్ కళ్ళు మూసుకున్నాడు.

ఒతీలియా అతని మొహాన్నే చూస్తోంది. ఆ మొహంలో ఎంత ప్రేముందో! పెదవులు వణుకుతున్నాయి, కనురెప్పల కింద తడి మెరుస్తోంది. పెళ్ళినాడు కూడా అలా లేడు. ఇదంతా ఎవరికోసం? పట్టుగౌను వేసుకుని, గులాబీ పట్టుకుని రైలెక్కే ఆవిడ కోసం. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఒక చూపు కూడా లేదు. ఒక్కసారి, ఒక్కసారి కళ్ళు తెరిస్తే ఏం పోయె!

ఖాళీ మంచం వచ్చింది. బస్సానో పెట్టె బారెడు సాగింది. ఫెర్మీన్ గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

"పెట్టె చేతబట్టి, వెనక్కైనా చూడక..."

ఒతీలియాకి ఇంక ఓపిక లేకపోయింది. ఒక్క అడుగు ముందుకేసి, మొగుడి కోటు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఫెర్మీన్ కళ్ళు తెరిచాడు.

"...రైలెక్కి నన్నొదిలి పో..."

మైకు ముందు ఎవరూ లేరు.

బస్సానో నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, వాయిస్తూ పోయాడు. పళ్ళెం తిరుగుతోంది కదా మరి.

బల్లమీద ఇద్దరూ పక్కపక్కన తేలారు. ఫెర్మీన్ కోటు ఇంకా ఒతీలియా పిడికిళ్ళలో ఉంది. ఇద్దరి మధ్యా పెట్టె. వాన లేదు. మంచి ఎండ. ఎవడో గంపలో కోళ్ళు మోసుకెళ్తున్నాడు.

"ఇక్కడికా?" అన్నాడు ఫెర్మీన్.

"ఇక్కడికే."

"ప్రతిసారీ?"

"నీకేమైనా అడ్రసు తెలిసి రాశావా? రైలన్నావు, స్టేషనుకొచ్చాను."

ఫెర్మీన్ పెట్టె తెరిచాడు. పట్టుగౌను పైకెత్తి, ఎండలో పట్టుకుని చూశాడు. "ఎవరిదిది?"

"నీ పాటలో ఆవిడది. నేనెప్పుడూ చూడలేదు ఆవిణ్ణి."

కాఫీ బండి తోసుకుంటూ రొసెందా అనే ముసలమ్మ వచ్చింది. అడక్కుండానే పాలు ఎక్కువ వేసి, ఒక కప్పు ఒతీలియా చేతిలో పెట్టింది. "మోకాలి నొప్పి తగ్గిందా అమ్మాయ్?" అని అడిగింది. అప్పుడు పక్కనున్న మనిషిని ఎగాదిగా చూసింది.

"ఇతనేనా?"

"ఇతనే."

"నువ్వు చెప్పిన తిట్లని బట్టి ఇంకా పొడుగ్గా ఉంటాడనుకున్నాను."

సామాన్లు మోసేవాడొకడు అటుగా వెళ్తూ టోపీ ఎత్తి నమస్కారం పెట్టాడు. రైలు గార్డు ఒకడు, వాళ్ళావిడకి ఆడపిల్ల పుట్టిందని కేకేసి చెప్పి పోయాడు. ఒతీలియా తనూ కేకేసి పేరేం పెడుతున్నారని అడిగింది. ఫెర్మీన్ చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళాం మోకాలు నొప్పెడుతుందని అతనికి తెలియదు.

"చలికాలంలో కూడా ఇక్కడే కూర్చుంటావా?" అన్నాడు.

"ట్రామొచ్చేదాకా."

"భయం వెయ్యదా?"

"మొదట్లో వేసేది. చీకటి పడితే ఏడ్చేదాన్ని. రొసెందా ఒకసారి దుప్పటి ఇచ్చింది."

"నాకెప్పుడూ చెప్పలేదే."

ఒతీలియా కప్పు మీంచి అతని వైపు చూసింది. "చెప్పాను. నువ్వు ప్రాసలు వెతుక్కుంటున్నావు."

ఫెర్మీన్ తన కోటు విప్పి ఆవిడ మోకాళ్ళమీద కప్పాడు. ఎండకి ఆ కోటుతో పనిలేదు, అయినా ఒతీలియా తియ్యలేదు.

తెల్ల సూటాయన పళ్ళెం తిప్పి విన్నాడట. 'పో' దగ్గర గొంతు తెగిపోయి, ఆ తర్వాత బాందోనియోన్ ఒక్కటే ఏడుస్తూ పోవడం విని కళ్ళు ఒత్తుకున్నాడట. "దుఃఖంతో గొంతు పూడుకుపోయింది! పాడలేకపోయాడు! ఒక్క ముక్క కూడా మార్చొద్దు!" అని అలాగే రికార్డు వేశాడు. పత్రికల్లో పెద్దమనుషులు ఆ నిశ్శబ్దం గురించి పేజీలు పేజీలు రాశారు. భర్తలు పోయినవాళ్ళూ, పెళ్ళి కానివాళ్ళూ, ఎవరూ ఎప్పుడూ వదిలెయ్యనివాళ్ళూ కూడా ఆ నిశ్శబ్దంలో తలా కాస్త ఏడ్చారు.

అమ్మ చరణం ఆ రికార్డులో లేనేలేదు. దోన్యా జెనోవెవా జుట్టు నల్లగా నిలిచిపోయింది. అదంతా తన ప్రార్థనల ఫలితమని ఆవిడ చెప్పుకుంది.

రికార్డులో మిగతాదంతా పడింది, కోటు పట్టుకున్న చేతులతో సహా. అంచేత ఏ ఊళ్ళో ఎవరు ముల్లు దించినా మొగుడూపెళ్ళాలిద్దరూ కలిసి పోతున్నారు. ఫెర్మీన్ ఒకడికి సగం మీసం కత్తిరించి మాయమవుతాడు. ట్రాములో తిరిగొస్తుంటే సగం దారిలో మళ్ళీ స్టేషన్లో తేలుతాడు. ఒకసారి నెత్తినిండా సబ్బు నురగతో వెళ్ళాడు. రేడియోవాళ్ళు మధ్యాహ్నం భోజనాల వేళ ఆ పాట వెయ్యడం మొదలుపెట్టాక, అతను వేడి సూపు మొహం చూసి ఎన్నాళ్ళయిందో. ఒకనాడు ప్లాట్‌ఫారం మీద, ఒక చేతిలో చెంచా పట్టుకుని, ఆకాశం వైపు చూసి అరిచాడు:

"ఎవడు రాశాడీ దరిద్రపు పాట!"

రొసెందాకి నవ్వాగక కాఫీ ఒలికిపోయింది. ఒతీలియా నవ్వలేదు. అలసిపోయి అతని భుజానికి ఆనుకుంది. అతను చెంచా కింద పెట్టి, కదలకుండా కూర్చున్నాడు.

ప్లాట్‌ఫారం చివర, ఒకప్పుడు టోపీలు అమ్మిన గది ఖాళీగా ఉందని మొదట కనిపెట్టింది రొసెందా. వెళ్ళి చూడమన్నది ఆవిడే. వెనక గదిలో పొయ్యి పెట్టడానికి చోటుంది, ముందు గదిలో మంగలికుర్చీ పడుతుంది, మేడమీద పడుకోవచ్చు. ఫెర్మీన్ గోడలు తట్టి చూశాడు. ఒతీలియా కుళాయి తిప్పి చూసింది. వసంతం రాకముందే బర్రాకాస్‌లో ఇల్లు ఖాళీ చేసి వచ్చేశారు. దోన్యా జెనోవెవా పేకముక్కలు పట్టుకుని వచ్చింది, వారం తిరక్కుండా సామాన్లు మోసేవాళ్ళందరినీ ఓడించింది.

ఆ తర్వాత ఆ పాట ఎక్కడ మోగినా వాళ్ళు ఎక్కడికీ పోలేదు. పోవలసిన చోటే ఉన్నారు కదా. మహా అయితే బల్లమీది పిండి కాస్త కదిలేది.

ఇప్పుడు దక్షిణం రైలెక్కేవాళ్ళు ఒతీలియా రవియోలీలు తిని, ఫెర్మీన్ చేత గడ్డం గీయించుకుని ఎక్కుతారు. ఫెర్మీన్ పాడటం మానలేదు. మంచి పాట ఒకటీ రాయలేదని బస్సానో గొణుగుతాడు. వచ్చినప్పుడల్లా రెండు ప్లేట్లు తిని మరీ గొణుగుతాడు.

మొన్న ఒక కుర్రాయన బాహియా బ్లాంకా రైలుకి ముందు గడ్డానికి కూర్చున్నాడు. పక్క హోటల్లో ఎవరో రికార్డు పెట్టారు. 'పో' అని గొంతు తెగిపోయి, బాందోనియోన్ ఒంటరిగా సాగింది. కుర్రాయన కళ్ళనీళ్ళు నురగలోకి జారాయి.

"పాపం, ఆ మహానుభావుడు," అన్నాడు. "ఎంత రాతిగుండెదై ఉంటుంది ఆవిడ!"

కత్తి పట్టుకున్న ఫెర్మీన్, అలవాటు కొద్దీ, పెద్ద నిట్టూర్పు విడిచి, 'విధి' అనడానికి నోరు తెరిచాడు.

వెనక గదిలో అప్పడాల కర్ర ఆగింది.

ఫెర్మీన్ నోరు మూసుకున్నాడు. కత్తిని తోలుపట్టాకి రెండుసార్లు రుద్ది, కుర్రాయన గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

"ఆవిడ మోకాలు నొప్పితో చాలా అవస్థ పడిందండీ," అన్నాడు. "తల కదపకండి."